స్కాన్ కాగితం చేతికొచ్చాక

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వస్తే మనం ఊరుకోం. లెక్క తేలేదాకా కదలం. కానీ కడుపుతో ఉన్న కోడలి స్కాన్ కాగితం వస్తే మడిచి కవర్లో పెట్టేస్తాం. లేదంటే అందులో ఒక్క మాట విని హడలిపోతాం. "మెడకు పేగు చుట్టుకుందట, ఆపరేషన్ తప్పదట" అంటూ అప్పుకు పరిగెత్తేవాళ్లు మనలోనే ఉన్నారు. మేము డాక్టర్లం కాదు. డాక్టరమ్మను ఏమడగాలో మనకు తెలియాలనే ఈ నాలుగు మాటలు.

ముందు తేదీ సంగతి. కాన్పు తేదీని కాగితంలో ఈడీడీ అని రాస్తారు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ తేదీకి వారం అటూ ఇటూ తేడా ఉండొచ్చు. ఎనిమిదో నెల స్కాన్‌లో రెండు మూడు వారాలు కూడా తేడా రావచ్చు. కాబట్టి స్కాన్ స్కాన్‌కూ తేదీ మారిందని కంగారు పడొద్దు. మొదటి కాగితం మాత్రం పారేయొద్దు, కాన్పు దాకా అదే ఆధారం.

తర్వాత అయిదో నెల స్కాన్. టిఫా అంటాం కదా, అది. 18 నుంచి 20 వారాల మధ్య చేయించుకోవాలి. బిడ్డ తల, వెన్ను, గుండె, కిడ్నీలు, కాళ్లు చేతులు వరసగా చూస్తారు. కూలి పనులు అయ్యాక పోదాంలే అనుకోవద్దు. ఏదైనా లోపం కనిపిస్తే పెద్దాసుపత్రిలో మళ్లీ చూపించుకోవడానికి, ఆలోచించుకోవడానికి టైము మిగలాలి. చట్టం ఇచ్చే గడువులు కూడా ఈ వారాల లెక్క మీదే ఉంటాయి. అయితే, అన్ని లోపాలూ స్కాన్‌లో కనబడవని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక మనల్ని భయపెట్టే మాటలు.

మాయ కిందికి ఉంది అంటారు. అయిదో నెలలో అలా ఉన్నా, గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి పైకి జరుగుతుంది. 32 వారాల దగ్గర మళ్లీ చూస్తారు. ఈలోపు రక్తం కనబడితే మాత్రం, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బ్రీచ్ అంటే ఎదురుకాళ్లు. ఏడో నెలలో అలా ఉన్న బిడ్డల్లో ఎక్కువమంది తర్వాత తిరుగుతారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురే అలా మిగులుతారు.

మెడకు పేగు చుట్టుకోవడం చాలా కాన్పుల్లో కనిపించేదే. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. "ఇంకేమైనా ఇబ్బంది ఉందా అమ్మా?" అని అడగండి.

ఉమ్మనీటిని ఏఎఫ్ఐ అని అంకెలో రాస్తారు. 5 సెంటీమీటర్ల కంటే తగ్గినా, 25 దాటినా డాక్టరుకు వెంటనే చూపించాలి. బిడ్డ బరువు అంచనా మాత్రమే. నూటికి పది పదిహేను వంతులు తేడా రావచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆడా మగా అనేది ఆ కాగితంలో ఉండదు. మాయ ముందువైపు ఉంటే ఒకటి, గుండె వేగంగా కొట్టుకుంటే ఇంకొకటి అని చెప్పుకునేవన్నీ వట్టి మాటలు. 1994 చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, చెప్పించుకోవడమూ నేరమే. ఏ ఇంట్లోనైనా కోడలి మీద ఆ ఒత్తిడి వస్తే అది వాళ్లింటి గొడవ అని వదిలేయొద్దు. ఆ పిల్ల మన సంఘం సభ్యురాలు. మనం వెళ్లి కూర్చుని మాట్లాడాలి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. పాత కాగితాలన్నీ, తల్లీబిడ్డల కార్డూ ఒకే సంచిలో పెట్టుకుని ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లండి. అర్థం కాని మాట ఉంటే వేలు పెట్టి చూపించి అడగండి.

చివరగా, స్కాన్ ఆ ఒక్కరోజు సంగతే చెబుతుంది. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే, నిన్నటి స్కాన్ బాగుందిలే అని ఇంట్లో కూర్చోవద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేయండి, పక్కింటి అక్కను లేపండి. లేవని అక్క మన సంఘంలో ఉండకూడదు.