రక్తంలో అంకె తగ్గితే మాత్రలు ఆపొచ్చా?

(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈసారి మేము ఒక్క విషయమే మాట్లాడదలిచాం. టీబీ మందులు వాడేవాళ్లు రక్తపరీక్ష కాగితం తెచ్చి, "అంకె తగ్గిందక్కా, ఇక మాత్రలు ఆపొచ్చా?" అని మమ్మల్ని అడుగుతున్నారు. ఆ కాగితంలో ఉండేవి ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ. సీఆర్‌పీ అంటే మన సంఘాలకు వచ్చే సీఆర్‌పీ అక్క కాదు లెండి!

ఒంట్లో వాపో, చీమో, క్రిములతో పోరో ఉంటే కాలేయం సీఆర్‌పీ అనే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. పోరు తగ్గితే కొద్ది రోజుల్లోనే అదీ తగ్గుతుంది. ఈఎస్‌ఆర్‌కి అయితే రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టి, ఎర్రకణాలు గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. జబ్బుంటే తొందరగా దిగుతాయి. ఇది నిదానం. జబ్బు తగ్గుతున్నా వారాల తరబడి ఎక్కువగానే ఉండొచ్చు.

మందులు పనిచేస్తుంటే మామూలుగా రెండూ తగ్గుతాయి, నిజమే. కానీ అవి పొగలాంటివి. పొగను చూసి ఏం కాలుతోందో చెప్పలేం, పొగ ఆగినా నివురు కింద నిప్పు ఉండొచ్చు. పంటికి చీము పట్టినా సీఆర్‌పీ పెరుగుతుంది. రక్తం తక్కువున్నా, కడుపుతో ఉన్నా ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. మనలో రక్తం చాలినంత ఉన్నవాళ్లు ఎందరున్నారు చెప్పండి? అందుకే అంకె తగ్గలేదని హడలిపోనక్కర్లేదు, తగ్గిందని మాత్రలు మానకూడదు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీబీ అనుమానితులను గుర్తించడానికి సీఆర్‌పీ వాడవచ్చని చెప్పింది. అది అనుమానం వరకే. ఊపిరితిత్తుల టీబీలో మందు పనిచేస్తోందా అన్నది ముఖ్యంగా తెమడ పరీక్షే చెప్పాలి. రెండు నెలలు నిండాక ఒకసారి, ఆరు నెలల మందు అయ్యాక ఒకసారి చేయించుకోవాలి. నెలనెలా బరువు కూడా చూడాలి. గడ్డల టీబీ, ఎముకల టీబీలో తెమడ ఉండదు కాబట్టి అక్కడ డాక్టరు రక్తపరీక్షను కూడా తోడుగా చూస్తారు.

మొదటి రెండు నెలల్లో నాలుగు రకాల మందులు చాలా క్రిముల్ని చంపేస్తాయి. జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, కూలికి పోబుద్ధేస్తుంది. మిగిలిన మొండి క్రిముల కోసమే తర్వాతి నాలుగు నెలలు. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టొచ్చు, ఆ మందులకు లొంగకుండా కూడా పోవచ్చు.

పలకల గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఇళ్లకు ఇంకో మాట. రాతి దుమ్ముతో సిలికోసిస్ వచ్చినవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. టీబీ నయమైనా దుమ్ము చేసిన చేటు పోదు, దగ్గు, ఆయాసం మిగలొచ్చు. "దగ్గు పోలేదు, మందు పనిచేయలేదు" అని వాళ్లే ముందు మానేస్తున్నారు. పలకల పని చేశామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పదిహేను రోజులకోసారి ప్రైవేటు ల్యాబులో ఈఎస్‌ఆర్ చేయించడానికి అంతర్గత అప్పు అడుగుతున్నారు. డాక్టరు రాయకుండా దానికి అప్పెందుకని మా అభిప్రాయం. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్షా, మందులూ ఉచితం. పోషణకు 2018 నుంచి నెలకు 500 ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి, పడకపోతే ఆశా కార్యకర్తను అడగండి.

ప్రతి గ్రామ సమాఖ్యలో ఒక సభ్యురాలు ఆశాతో కలిసి, రోగి ఒప్పుకుంటేనే, రెండో నెల తెమడ పరీక్షకు తోడు వెళ్లాలని కోరుతున్నాం. రోగి పేరు సమావేశంలో చదవొద్దు, తీర్మానాల పుస్తకంలో రాయొద్దు.