హార్ప్ తీగెలపై ఒక కీర్తన రాగము
(సంఘ సంగీత సాయంకాలమున చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము రికార్డు వినిపించుటకు ముందు నాలుగు మాటలు చెప్పవలసినదిగా మమ్మును కోరినారు. మన తెలుగు బైబిలులో దావీదు సౌలు ఎదుట వాయించినది సితారా అని చదువుచున్నాము. ఆ మాట వినగానే మనలో అనేకుల కన్నుల ఎదుట హిందూస్థానీ సితార్ నిలుచును. దావీదు చేతిలోనిది అది కాదు, చేతపట్టుకొని తిరుగదగిన చిన్న తంత్రీవాద్యము. ఇంగ్లీషు బైబిలు దానిని హార్ప్ అన్నది. అయితే నేటి కచేరీ హార్ప్‌ను ఏ గొర్రెల కాపరియు మోయలేడు. సుమారు ఆరడుగుల ఎత్తు, నలభై కిలోలకు దగ్గరగా బరువు, 47 తీగెలు. ఈ జాతి వాద్యము మన దేశమునకు బొత్తిగా క్రొత్తది కాదు. అమరావతి శిల్పములలో విల్లువలె వంగిన వీణలు కనబడును. నాల్గవ శతాబ్దపు సముద్రగుప్తుని బంగారు నాణెముపై రాజు వాయించుచున్నదియు అట్టిదే. తరువాత మన వీణ వేరొక రూపము దాల్చినది, ఆ విల్లు వీణ మరుగైపోయినది.

ఈ వాద్యమును వాయించుట చూచువారికి సులువుగా తోచును. సంగతి అది కాదు. పియానోకు నల్లమెట్లు వేరుగా నున్నవి, హార్ప్‌కు అట్టివి లేవు. ఒక స్వరమును అర మెట్టు హెచ్చింపవలెనన్నా తగ్గింపవలెనన్నా అడుగున నున్న ఏడు పెడళ్లలో దానికి సంబంధించిన పెడలును కాలితో జరుపవలెను. ఒక్కొక్క పెడలుకు మూడు స్థానములు. ఎరార్ అను వాద్యనిర్మాత 1810లో ఈ ఏర్పాటునకు పేటెంటు పొందెను. చేతులు ఇప్పటి స్వరమును మీటుచుండగా పాదములు రాబోవు స్వరమును సిద్ధము చేయవలెను. సభలోని వారు చేతులనే చూతురు గాని పాదములను ఎవరు చూతురు? వేళ్లలో చిటికెన వ్రేలికి పని లేదు, చేతికి నాలుగేసి వేళ్లతోనే వాయింతురు. దారి తప్పకుండుటకు 'సి' తీగెలకు ఎరుపు, 'ఎఫ్' తీగెలకు నలుపు లేక నీలము రంగు వేయుదురు.

అన్నిటికంటె కష్టమైనది మరొకటి కలదు. మీటిన తీగె వెంటనే ఊరకుండదు, మ్రోగుచునే యుండును. దానిని అరచేతితో ఆపకున్న యెడల వెనుకటి స్వరములు ముందటి వాటిపై పడి అంతయు గందరగోళమగును. కావున మీటుట ఎంత పనియో ఆపుట కూడ అంత పనియే. వాద్యబృందములో నైనచో లోపములను ఇతర వాద్యములు కప్పును. ఒంటరి కచేరీలో కప్పువారు లేరు.

ఇప్పుడు వాయించిన వారిని గూర్చి. ఓషన్ ఎల్లిస్ గారు 1928లో వేల్సు దేశమున ఫ్లింట్‌షైర్‌లో జన్మించిరి. తండ్రి మెథడిస్టు పాదిరి, తల్లి హార్ప్ వాయించునది. లండనులోని రాయల్ అకాడమీలో చదివి, తరువాత అచ్చటనే అనేక సంవత్సరములు బోధించిరి. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో ముఖ్య హార్ప్ వాద్యకారుడుగా నుండిరి. తన వాద్యముతో తానే వెల్ష్ పద్యములను పాడుట ఆయన ప్రత్యేకత. హార్ప్ ఒక రాగము నడుపుచుండగా కంఠము వేరొక రాగము నడుపవలెను. 2021లో ఆయన పరమపదించిరి.

పాదిరి ఇంట హార్ప్ ఉన్నదనిన మాట మనకు వింత కాకపోవచ్చును. వేల్సు చరిత్ర తెలిసినవారికి అది వింతయే. పద్దెనిమిదవ శతాబ్దమున ఆ దేశమున గొప్ప ఉజ్జీవము కలిగినది. ఉజ్జీవము మంచిదే, అందు మాకు సందేహము లేదు. కాని దానితో పాటు నాట్యములు, జానపద గీతములు, వాటిని నడిపించు హార్ప్ కూడ లోకసంబంధమైనవని అనేకులు విడిచిపెట్టిరి. ఎడ్వర్డ్ జోన్స్ అను హార్ప్ వాద్యకారుడు 1802లో ప్రచురించిన తన గ్రంథములో, తమ జాతి సంగీతము ఇట్లు క్షీణించుటకు బోధకులే కారణమని కోపముతో వ్రాసెను. ఆయన మాటలు కటువైనవే గాని నిరాధారమైనవి కావు. బోధకులమైన మేము ఆ మాట వినవలసినదే. అయినను సంఘము వాకిట వెళ్లగొట్టినదానిలో కొంత కిటికీలోనుండి తిరిగి లోనికి వచ్చినది. "ఇప్పటికి నూరేండ్లకు" అని అర్థమిచ్చు పేరుగల ఒక వెల్ష్ జానపద గీతపు రాగమును 1839లో జాన్ రాబర్ట్స్ కీర్తనల పుస్తకములో చేర్చెను. సెయింట్ డెనియో అను ఆ రాగమును మన ఇంగ్లీషు ఆరాధనలలో పాడినవారు మీలో నున్నారు. శతవార్షికోత్సవ సమయమున ఆ గీతపు పేరు వినుట మాకు చిరునవ్వు తెప్పించినది.

బెంజమిన్ బ్రిట్టెన్ ఆ కాలపు ఇంగ్లీషు స్వరకర్తలలో అగ్రగణ్యుడు. దేవాలయములలో ఆడుటకై ఆయన రచించిన మూడు సంగీత ఉపమానములలోను హార్ప్ వాయించినది ఎల్లిస్ గారే. అగ్నిగుండము కథ, తప్పిపోయిన కుమారుని కథ వాటిలోనివి. 1969లో బ్రిట్టెన్ ఎల్లిస్ గారి కొరకే ఒంటరి హార్ప్‌నకు అయిదు భాగముల కృతిని రచించి ఆ జూను నెలలో ఆల్డ్‌బరో ఉత్సవములో వాయింపజేసెను. ఆ ఉత్సవపు మొదటి రాత్రియే వారి పెద్ద సంగీతశాల అగ్నికి ఆహుతియైనది. కచేరీలను ఇతర స్థలములకు మార్చుకొని ఉత్సవమును సాగించిరి. కృతిలోని అయిదవ భాగము సెయింట్ డెనియో రాగమే, దానిపై అయిదు రూపభేదములు. వెల్ష్ వాద్యకారునికి ఇచ్చిన గౌరవముగా దానిని ఎన్నుకొంటినని బ్రిట్టెన్ తెలిపెను. 1973లో హృదయ శస్త్రచికిత్స తరువాత బ్రిట్టెన్ పియానో కచేరీలు చేయలేకపోయినప్పుడు, గాయకుడైన పీటర్ పియర్స్ ప్రక్కన హార్ప్‌తో కూర్చున్నవారును ఎల్లిస్ గారే.

"అయ్యగారూ, మాటలు లేని వాద్యము ఆరాధన యగునా?" అని మమ్మును అడిగినవారున్నారు. తీగె వాక్యము చెప్పలేదు. ఆ కీర్తన ఎన్నడును పాడని వానికి అయిదవ భాగము ఇంపైన శబ్దముగా మాత్రమే వినబడును. చిన్ననాటి నుండి బల్లలపై కూర్చుండి పాడినవాని నోట మాటలు వాటంతట అవే కదలును. ఆ మాటలను హార్ప్ తేలేదు, అవి సంఘము ఎన్నడో వానిలో పెట్టినవి. కనుక కీర్తనలు నేర్పకుండ వాద్యములు కొనుటలో ప్రయోజనము తక్కువ అని మా అభిప్రాయము. దీనికి ఒప్పుకొనని గాయకబృందపు నాయకులు ఇచ్చటనే కూర్చున్నారు, వారితో వాదము తరువాత.

ఇప్పుడు ఎల్లిస్ గారు తామే వాయించిన రికార్డును వినుడి. మూడవ భాగము రాత్రి సంగీతము, అడుగున ఒకే స్వరమాల మరల మరల వచ్చుచుండును. నాల్గవది మిక్కిలి చిన్నది, దగ్గులోపల అయిపోవును. దాని వెనుకనే అయిదవది ప్రారంభమగును. రాగము తెలిసినవారు లోలోపల పాడుకొనవచ్చును.