రాత్రివేళ వైద్యము – గ్రామము చేయదగిన పని
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



వైద్యుడు లేని యూర నివసింపరాదని సుమతీశతకకారుడు ఏనాడో హెచ్చరించియున్నాడు. నేడు వైద్యుడు గలడు, ఆరోగ్యకేంద్రమును గలదు. అయినను రోగములు కచేరీవేళలను పాటింపవు.

1946లో భోర్ సంఘము గ్రామసీమలకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము లుండవలెనని సిఫారసు చేసినది. తరువాత మైదానములందు 30,000 మందికి, కొండప్రాంతములందు 20,000 మందికి ఒక కేంద్రము చొప్పున ప్రమాణ మేర్పడినది. ఈ లెక్క జనసంఖ్యకు సంబంధించినది; గంటలకు సంబంధించినది కాదు. దినమునకు ఏడు గంటలు వైద్యుడు కూర్చున్నను పదునేడు గంటలు మిగులును. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకము వచ్చినపిదప కొన్ని కేంద్రములు నర్సుల వంతులతో రాత్రియు తెరచియుండుట మొదలైనది. అన్నియు అట్లు కావు.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రాత్రియందు వైద్యుడు దూరస్థుడు. ఔషధము బీరువాలో తాళము క్రింద నుండును. మంచముకడ మిగులువారు రోగియు, తల్లియో భార్యయో పొరుగింటివాడో అగు పరిచారకుడును మాత్రమే. కావున రాత్రి వైద్యము బాగుపడవలెనన్న ఈ పరిచారకునకు తెలివి కలిగింపవలెను. తక్కిన రెండు పాదములను శీఘ్రముగా చేరు దారి ముందుగానే వేసికొనవలెను.

కట్లపాము సంగతి చూడుడు. అది రాత్రివేళ సంచరించును; నేలపై నిద్రించువారిని కఱచును. నొప్పి స్వల్పము, గాటు కానరాకపోవచ్చును. కొన్ని గంటలకు కడుపునొప్పి, ఱెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట, తుదకు ఊపిరి ఆగుట సంభవించును. అజీర్ణమని తలచి తెల్లవారువఱకు వేచినచో ప్రాణము దక్కుట దుర్లభము. కట్టు బిగించుట, గాటు కోయుట, నోటితో పీల్చుట, మంత్రగాని వెదకుట – ఇవి యన్నియు హానికరములు. కఱచిన యవయవమును కదలనీయక, విషవిరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చుటయే కర్తవ్యము. మంచముపై దోమతెరలో పండుకొనువారికి ఈ భయము చాల తక్కువ.

బిడ్డకు విరేచనములు పట్టినచో త్రాగించుటకు ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఇంటనే ఉండవలెను. బిడ్డ త్రాగలేక, కన్నులు లోతుకుపోయి, మగతగా నున్నచో ఉదయమువఱకు ఆగరాదు. చెమటతో ఛాతీనొప్పి వచ్చినను, మూతి వంకరపోయినను, కాన్పు తరువాత రక్తస్రావము ఆగకున్నను ఇంతే.

108 వాహనముల ఏర్పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 ఆగస్టు 15న మొదలైనది; నేడు రెండు తెలుగు రాష్ట్రములందును గలదు. ఫోను చేయువారు మండలము, గ్రామము, ఇంటిగుర్తు స్పష్టముగా చెప్పి, ఒకనిని దీపముతో రోడ్డుమలుపున నిలుపవలెను. చీకటిలో ఇల్లు వెదకుటకు పోయిన పది నిమిషములు ఏ మందుతోను తిరిగిరావు.

గ్రామము చేయవలసిన పనులు మూడు. రాత్రి నర్సు ఎచట నుండునో, విషవిరుగుడు ఎచట దొరకునో, కాన్పు ఎచట చేయుదురో పగలే విచారించి, ఫోను సంఖ్యలతో గ్రంథాలయపు గోడపై పలక వ్రాయించుట మొదటిది. 108 ఆలస్యమైనపుడు బయలుదేరుటకు బండి గలవారు వారమునకొకరు వంతు పుచ్చుకొనుట రెండవది. లోపము కనిపించినపుడు అరుగులపై తిట్టుట మాని, గ్రామసభలో తీర్మానము వ్రాయించి పైకి పంపుట మూడవది. నోటిమాటకు లెక్క లేదు. కాగితమునకు జవాబు చెప్పువారుందురు.

ఇంకొక మాట. రాత్రి ఒంటరిగా పనిచేయు నర్సు కూడ ఒక యింటి ఆడపడుచే. దీపము, నీరు, కాపలా లేనిచోట ఆమెను నిందించుట ధర్మము కాదు. అవి సమకూర్చుటలో ఊరికిని భాగము గలదు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము సాయంకాలము దీపము వెలిగించి చదువరులను పిలిచినది. ఆ పలక ఈ గోడపై నిలిచి, ఒక్క రాత్రి ఒక్క ప్రాణమును కాపాడినను రజతోత్సవము సార్థకమగును.

స్వస్తి.