కలివికోడి: ఒక మార్కు ప్రశ్న

పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులున్న ఇండ్లలో నేడు రేడియో ప్రక్కనే లావుపాటి గైడు ఒకటి కనబడుచుండును. అందు పర్యావరణము, జీవవైవిధ్యము అను అధ్యాయమును తెరచినచో ఎడమవైపున జంతువుల పేర్లు, కుడివైపున స్థలముల పేర్లు బారులు తీరియుండును. కలివికోడికి ఎదురుగా శ్రీలంకమల్లేశ్వరము. బట్టమేక పిట్టకు ఎదురుగా రోళ్లపాడు. గూడబాతునకు ఎదురుగా నేలపట్టు. అభ్యర్థి ఈ జతలను ఉదయమున వల్లించి, సాయంకాలమునకు మరచి, మరునాడు తిరిగి వల్లించును. పెద్దలు పుస్తకము చేతబట్టి ప్రశ్నలడిగి సాయపడుదురు. జతకొక మార్కు. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగము చేజారిన కుటుంబములు ఈ ప్రసంగము వినువారిలోనే ఉండవచ్చును. కావున వల్లె వేయవద్దని చెప్పుటకు మేము రాలేదు. ఆ రెండు వరుసల నడుమ గైడు విడిచిన ఖాళీ జాగాను గూర్చి కొంత ముచ్చటింపదలచినాము. ఆ జీవి అక్కడనే ఎందుకున్నది అను ప్రశ్నకు చోటు ఆ ఖాళీలోనే.

మొదట కలివికోడిని తీసికొందము. ప్రశ్నపత్రములలో దీనిని జెర్డాన్స్ కోర్సర్ అని వ్రాయుదురు. మదరాసు సైన్యమున వైద్యుడుగానుండి, పక్షులపై మక్కువతో దేశము తిరిగిన థామస్ జెర్డాన్ దొర మూలమున ఇది 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900లో అనంతపురము ప్రాంతమున ఒకమారు కనబడి, ఆ పిమ్మట కానరాలేదు. ఇక లేదనియే పక్షిశాస్త్రజ్ఞులు చాలమంది తలచిరి. కాని కడప సీమ పల్లెలలో వేటగాండ్రు ఆ మాట ఒప్పుకొనలేదు. వారికది కలివి పొదల నడుమ రాత్రివేళ పరుగెత్తు పిట్ట, పేరుతో సహా తెలిసిన పిట్ట. కలివి పండ్ల రుచి ఎరుగని పల్లెపిల్లలు ఆ సీమలో అరుదు గదా! బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్‌గారు ఆ పక్షి బొమ్మను చేతబట్టుకొని ఈ ప్రాంతము తిరిగి, స్థానికుల మాట విని వెదకించిరి. 1986 జనవరిలో ఐతన్న అను వేటగాడు ఒక రాత్రి దీపపు వెలుగులో దానిని పట్టినాడు. చిక్కిన పక్షి బ్రదుకలేదు గాని, దాని జాతి బ్రదికియున్నదని ఎనుబదియారేండ్ల తరువాత లోకమునకు తెలిసినది. ప్రశ్నపత్రమున జెర్డాన్ పేరున్నది, ఐతన్న పేరుండదు. అయినను ఆ కథలో ఎవరి తెలివి ఎవరికి దారి చూపినదో అభ్యర్థి గ్రహించిన మంచిది.

ఈ పక్షి కొరకై ఏర్పడినదే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము. లంక అను మాట విని సింహళద్వీపమును గుర్తించిన వారు కూడ లేకపోలేదట! ఇది కడప జిల్లాలో పెన్నానది పొంత నున్న లంకమల కొండల సీమ. అడవి యనగానే మనము ఆకాశమునంటు వృక్షములను ఊహింతుము. కలివికోడికి అట్టి అడవి పనికిరాదు. కొండల అడుగున, మెట్టనేలపై, ముండ్లపొదల నడుమ అక్కడక్కడ వట్టి నేల కనబడుచుండు చోటు దానికి కావలెను. ఏలయన అది ఎగురుటకంటె పరుగెత్తుటకు అలవాటు పడిన పక్షి. పగలు పొదనీడను దాగి, రాత్రివేళ ఖాళీ నేలపై పురుగులను ఏరుకొనును. పొద లేకున్న దాగుటకు తావు లేదు. పొద దట్టమైన పరుగెత్తుటకు దారి లేదు. పరిశోధకులు లెక్క గట్టి చూడగా, హెక్టారునకు 300 మొదలు 700 వరకు పెద్ద పొదలున్న నేలలందే దీని జాడలు ఎక్కువగా దొరకినవి. జాడలనుట అక్షరాల నిజము. పక్షి కంటబడుట అరుదగుటచే, వారు పొదల నడుమ మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారినపిదప దానిపై పడిన అడుగులను చదువుకొనిరి. స్వయముగా ఫోటో తీసికొను కెమెరాలను కూడ రాత్రులందు అమర్చిరి.

ఈ సంగతి తెలిసిన అభ్యర్థికి ఊరి పేరు వేరుగ వల్లించు పని లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. కట్టెలకై పొదలన్నియు నరికివేసిన ఈ పక్షికి చేటు. పచ్చదనము పెంచెదమని మంచి మనసుతో ఆ మెట్టనేల నిండ మొక్కలు నాటినను చేటే. చెట్టు నాటుట ఎక్కడనైనను పుణ్యమని నమ్మిన మనకు ఇది వినుటకు కష్టముగ నుండును.

ఇట్టి నేలలకు మన రెవెన్యూ రికార్డులలో ఏమి పేరు? బంజరు. 2000లో మొదటిసారి వెలువడిన భారతదేశపు బంజరు భూముల అట్లాసులో పొదలతో కూడిన భూములకు ప్రత్యేకముగ ఒక తరగతియే కలదు. పంట పండనిది, కలప ఇవ్వనిది, కావున వృథా అను పాత లెక్క అది. నేడు గైడు చేతబట్టిన యువకుడు రేపు తహశీల్దారో, డిప్యూటీ కలెక్టరో కావచ్చును. అతని బల్లమీదికి ఒక ఫైలు వచ్చును. ఫలానా సర్వే నెంబరు, ఇన్ని ఎకరములు, బంజరు, కాలువకో రోడ్డుకో ఫ్యాక్టరీకో ఇచ్చుటకు అభ్యంతరము కలదా? పరీక్షలో నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించిన ఆ చేయియే అక్కడ సంతకము చేయవలెను. ఇది ఊహామాత్రము కాదు. కృష్ణాజలములను మదరాసు నగరమునకు చేర్చు తెలుగుగంగ కాలువ పనులలో, 2005లో మన్ను త్రవ్వు యంత్రములు కలివికోడి తిరుగు నేలలోనికే ప్రవేశించినవి. అక్కడ పనిచేయుచున్న పరిశోధకులు గమనించి తెలుపగా పని ఆగినది. పిమ్మట కాలువ దారిని మార్చిరి. నీరు రాకపోలేదు, దారి మాత్రము కొంత ప్రక్కకు జరిగినది. కనిపెట్టి చూచువారు అక్కడ లేకున్న ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు.

రోళ్లపాటి కథ ఇంత మేలుగా ముగియలేదు. బట్టమేక పిట్ట బరువున పదిహేను కిలోల వరకు తూగగల మహాపక్షి. నేలమీద ఒకేయొక గ్రుడ్డు పెట్టును. దూరము నుండియే శత్రువును చూడగల విశాలమైన గడ్డిమైదానము దానికి ఆధారము. అందులకే 1988లో రోళ్లపాడు అభయారణ్యమైనది. కాని ఆ పక్షి అభయారణ్యపు హద్దురాళ్లను ఎరుగదు. చుట్టునున్న మెట్టపైరుల చేలు కూడ దానికి మేత నేలలే. నీటి వసతి వచ్చి పైరులు మారినవి. రక్షణలో కృష్ణజింకలు వృద్ధి పొంది పొలములపై బడగా రైతులకు అభయారణ్యముపైననే విసుగు పుట్టినది. ఇప్పుడు దేశమున మిగిలిన బట్టమేక పిట్టలు చాలవరకు రాజస్థానములోనివే. రోళ్లపాటిలో వాటి దర్శనము గగనకుసుమమైనది. గైడులో మాత్రము ఆ జత చెక్కుచెదరక ఉన్నది! జవాబు సరియైనదే, మార్కు కూడ వచ్చును. పిట్ట మాత్రము అక్కడ లేదు.

నేలపట్టు సంగతి సులభము. చెరువునీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. పిల్లలకు చేపలను దగ్గరనున్న పులికాటు సరస్సు నుండి తెచ్చును. ఇల్లు ఒకచోట, అంగడి మరొకచోట. చెరువుకు కంచె వేసి సరస్సును మరచిన ప్రయోజనము లేదు.

పాత గైడులను గూర్చి ఒక హెచ్చరిక. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 నాటిది. దాని షెడ్యూళ్లు ఆరని చాల పుస్తకములు ఇప్పటికిని చెప్పుచున్నవి. 2022 నాటి సవరణతో అవి నాలుగైనవి. రోళ్లపాడు 2022 వరకు కర్నూలు జిల్లా, ఆ ఏటి నుండి నంద్యాల జిల్లా. పాలపిట్ట తెలంగాణ రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకొన్నది. ఇక ఎర్ర జాబితాలో 'తీవ్రాపాయ స్థితి' అని ఒక జీవికి పేరు పడినంత మాత్రమున చట్టరక్షణ కలిగినట్లు కాదు. ఆ జాబితా ఐ.యు.సి.ఎన్. అను అంతర్జాతీయ సంస్థ తయారు చేయునది. రక్షణ ఇచ్చునది మన చట్టము. ఈ రెండింటిని కలగాపులగము చేయువారు పెక్కురు.

కలివికోడి గ్రుడ్డు కథ కూడ చెప్పవలెను. దాని గ్రుడ్డు ఎట్లుండునో చిరకాలము ఎవరికిని తెలియదు. స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో, కోలారు ప్రాంతమున 1917లో సేకరించిన గ్రుడ్డొకటి పెట్టెలో పడియుండెను. అది కలివికోడిదేనని డి.ఎన్.ఏ. పరీక్ష వలన తేలి, 2013లో ప్రకటించిరి. 1900 తరువాత పదిహేడేండ్లకు కూడ పక్షి ఉండెననుటకు సాక్ష్యము శతాబ్దమునకు చేరువగా డ్రాయరులో నిద్రించినదన్నమాట.

సాక్ష్యములు మన ఊళ్లలోను కొన్ని ఉన్నవి, పెద్దల నోళ్లలో. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలలో జీవవైవిధ్య యాజమాన్య సంఘముండవలెను. ప్రజల వద్దనున్న చెట్టుచేమల, పశుపక్షుల తెలివిని ఒక పట్టికలో వ్రాయించుట దాని ముఖ్యమైన పని. ఈ చట్టమును, చెన్నపట్టణముననున్న జాతీయ ప్రాధికార సంస్థను గూర్చి పరీక్షలలో తరచు అడుగుదురు. అభ్యర్థులు ఒకనాటి ఉదయము గైడును మూసి, తమ పంచాయతీ కార్యాలయమునకు పోయి ఆ పట్టికను చూపుమని అడుగవచ్చును. ఊరి వెలుపలి మెట్టనేలకు అందొక పుట కేటాయించిరేమో, అక్కడ తిరుగు పిట్టలకు తాతయ్య పిలుచు పేర్లు ఎక్కినవేమో చూడవచ్చును. ఎక్కకున్న, తాతయ్యనే వెంటబెట్టుకొని పోయి చెప్పించవచ్చును.