పేరు, వర్గం సరిచూసుకొందాం



లినక్సు కంప్యూటరులో ప్రతి ఫైలుకూ యజమాని, వర్గం అనే రెండు గుర్తులుంటాయి. ఫైలుతో ఉండేవి అంకెలే. పేర్ల పట్టిక వేరు. స్క్రిప్టు ఆ పట్టికలో వెదికి పేరు చెబుతుంది. అక్కడ పేరు లేకుంటే వట్టి అంకె మిగులుతుంది.

ఈ మాట ఇక్కడెందుకంటే, మన పొలాల లెక్కలూ కంప్యూటరులోనే ఉన్నాయి. 2000 ప్రాంతంలో మొదలైన 'భూమి' పథకంతో పహణీలు అందులోకి ఎక్కాయి, కన్నడ లిపిలో. ఇంట్లో వెంకటరవణప్ప పహణీలో వెంకటరమణప్ప, ఆధారులో మరొకటి అయితే, అప్పు వేళ, పంపకం వేళ అందరూ ఒకరేనని నిరూపించుకోవలసి వస్తుంది. కనుక పహణీ తీయించి పిల్లలచేత అక్షరమక్షరం చదివించుకొనండి. తప్పుంటే తాలూకా కచేరీలో అర్జీ ఇవ్వండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దానిని తెలుగులోనే ఇవ్వవచ్చును.

ఇక వర్గం. అది జనగణనలోని మాతృభాష గడి. 2011 లెక్కల్లో కర్ణాటకలో నూటికి దాదాపు 6 మంది తెలుగువారు. జిల్లాలోగాని తాలూకాలోగాని నూటికి 15 మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన నియమాలు, ప్రకటనలు వెలువరించాలన్నది అల్పసంఖ్యాక భాషలకు ఒప్పుకొన్న రక్షణలలో ఒకటి. ఆ 15 తేలేది ఈ గడిలోనే. కన్నడం మన రాష్ట్ర భాష, దానిపై మనకు గౌరవమే. బడి భాష కన్నడమైనా, ఇంటి భాష తెలుగైతే తెలుగనే వ్రాయించండి. వ్రాసింది చదివి వినిపించమని అడగండి.