పెరట్లో వాము ఆకు



ఈ సాయంత్రం మాట్లాడుకునేది ఒక ఆకు గురించి. చాలామంది ఇళ్లలో అది ఉండే ఉంటుంది. బావి గట్టు దగ్గరో, నీళ్ల తొట్టి పక్కనో, పగిలిన కుండలోనో పెరుగుతూ ఉంటుంది. ఆకు మందంగా ఉంటుంది. పట్టుకుంటే నూగు తగులుతుంది. అంచులు రంపం పళ్లలా ఉంటాయి. కొంచెం నలిపితే చాలు, ఘాటైన వాసన. చేయి కడుక్కున్నా ఆ వాసన ఒక పట్టాన పోదు.

అదే వాము ఆకు. కొందరు కర్పూరవల్లి అంటారు.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. వంటింట్లో వాము డబ్బా ఉంటుంది కదా, ఆ గింజలు ఈ మొక్కవి కావు. వాము గింజలు కొత్తిమీర జాతి మొక్కవి. కర్నూలు వైపు పొలాల్లో విత్తనం వేసి పండిస్తారు. ఈ వాము ఆకు తులసి జాతి మొక్కది. మరి వాసన ఎందుకు కలిసింది? రెండింటిలోనూ ఒకే తరహా నూనెలు ఉన్నాయి. థైమాల్ అని ఒకటి, కార్వక్రాల్ అని ఒకటి. ఆ నూనెల వల్లే ఆ ఘాటు.

ఇంకో చుట్టం కూడా ఉంది. పట్నంలో చదువుకునే పిల్లలు పిజ్జా తింటారు. అది ఒక రకం రొట్టె. దాంతో పాటు చిన్న పొట్లం ఇస్తారు. పొట్లంలో ఎండిన ఆకు నలిపి ఉంటుంది. దాని పేరు ఒరెగానో. గ్రీసు, ఇటలీ, టర్కీ దేశాల కొండల మీద పెరిగే మొక్క అది. అదీ తులసి జాతే. అందులోనూ కార్వక్రాల్ నూనె ఉంది. అందుకే మన వాము ఆకుని కొన్ని దేశాల్లో క్యూబా ఒరెగానో అని పిలుస్తారు. క్యూబా అనేది సముద్రం మధ్యలో ఒక దీవి. అక్కడివాళ్లు గింజల కూరల్లో ఈ ఆకు వేసుకుంటారు. ఇక్కడ మాత్రం పిల్లలు పొట్లం ఆకుని ఇష్టంగా చల్లుకుంటారు. ఇంటి దగ్గర ఆకుని కోడి గెలికి పారేస్తుంది!

సరే, ఈ మొక్క లేనివాళ్లు ఎలా పెంచుకోవాలి?

విత్తనం అక్కర్లేదు. పైసా ఖర్చు లేదు. ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి జానెడు కొమ్మ అడగాలి. కొమ్మ పెళుసుగా ఉంటుంది, చేత్తో విరిస్తే విరుగుతుంది. కింది సగం ఆకులు తీసేయాలి. పగిలిన కుండ, పాత బకెట్, నూనె డబ్బా, ఏదైనా పనికొస్తుంది. అడుగున మాత్రం రెండు మూడు చిల్లులు ఉండాలి. రెండు వంతుల మట్టి, ఒక వంతు ఇసుక, గుప్పెడు మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. కొమ్మని రెండు మూడు వేళ్ల లోతు గుచ్చి, చుట్టూ మట్టి నొక్కాలి. మొదటి పది రోజులు నీడలో ఉంచాలి. రెండు వారాల్లో వేళ్లు పట్టి, కొత్త చిగురు కనిపిస్తుంది.

తర్వాత పూటకు కొంచెం ఎండ తగిలే చోట పెట్టాలి. పొద్దుటి ఎండ మంచిది. నడివేసవి మధ్యాహ్నం ఎండకి ఆకు పసుపు రంగుకి తిరుగుతుంది.

ఈ మొక్క ఎండకన్నా నీళ్ల వల్లే ఎక్కువగా చస్తుంది. ప్రేమ కొద్దీ రోజూ చెంబుడు నీళ్లు పోస్తారు. ఆ ఆకు మందంగా ఉందంటే నీళ్లు దాచుకుందని అర్థం. మట్టిలో వేలు పెట్టి చూడాలి. వేలికి తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. వానాకాలంలో కుండని చూరు కిందికి జరపాలి. కాండం నల్లబడి మెత్తగా అయిందంటే కుళ్లు పట్టినట్టే. అప్పుడు పైన బాగున్న కొమ్మ విరిచి మరో చోట గుచ్చుకోవాలి. పాత దాన్ని పారేయాలి. చిగుళ్లు తుంచుతూ ఉంటే మొక్క గుబురుగా వస్తుంది. తుంచకపోతే పొడుగ్గా సాగి వాలిపోతుంది. ఏడాది రెండేళ్లకు కాండం ముదిరి కట్టెలా అవుతుంది. అప్పుడు కూడా కొత్త కొమ్మ వేసుకోవడమే.

ఇక వంట. వాము ఆకు అనగానే అందరికీ బజ్జీ గుర్తొస్తుంది. శనగపిండిలో కొంచెం బియ్యప్పిండి, ఉప్పు, కారం వేసి జారుగా కలుపుతారు. ఆకు కడిగి, తడి తుడిచి, పిండిలో ముంచి నూనెలో వేస్తారు. తడి తుడవకపోతే నూనె చిటపటలాడి చేతి మీద పడుతుంది. వాన పడే సాయంత్రం ఈ బజ్జీకి సాటి లేదు. అయితే రోజూ నూనె వంట ఇంటికీ మంచిది కాదు, ఒంటికీ మంచిది కాదు.

పెరుగు పచ్చడి తేలిక. పది పన్నెండు ఆకులు తరిగి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించాలి. రెండు పచ్చిమిరపకాయలు, చిన్న కొబ్బరి ముక్క, కొంచెం జీలకర్ర వేసి నూరాలి. చల్లారాక పెరుగులో కలిపి తాలింపు పెట్టాలి. వేడి మీద కలిపితే పెరుగు విరుగుతుంది. చారులో వేసుకునేవాళ్లు రెండు ఆకులు తుంచి, చారు దించే ముందు వేస్తే చాలు. ఎక్కువ వేస్తే చేదు వస్తుంది, పిల్లలు ముట్టరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దగ్గు, జలుబు.

పిల్లకి దగ్గు వస్తే పెద్దవాళ్లు ఏం చేస్తారు? వాము ఆకుని వేడి పెనం మీద వాడ్చి రసం పిండుతారు. దాంట్లో తేనె కలిపి నాకిస్తారు. పెద్దవాళ్లయితే నాలుగు ఆకులు గ్లాసున్నర నీళ్లలో వేసి, గ్లాసు మిగిలేదాకా కాచి వేడివేడిగా తాగుతారు. ఇది తప్పా? తప్పు కాదు. వేడి నీళ్లు, తేనె గొంతుకి హాయినిస్తాయి. ఆకు ఘాటుకి ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ వారం రోజులు ఉపశమనం కోసం ఈ కషాయం పనికొస్తుంది. ఆకు చేసే మేలు అంతవరకే.

కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. ఆకు రసమూ వద్దు, నీళ్లూ వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు. తేనెలో ఒక్కోసారి ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది. అది పసిబిడ్డ పేగుల్లో చేరి విషం తయారు చేస్తుంది. పెద్దవాళ్లకి ఏమీ కాదు, పసివాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది. పేరు కర్పూరవల్లి కదా అని కర్పూరం కలిపి తాగించేవాళ్లు ఉన్నారు. అది మహా ప్రమాదం. కర్పూరం కడుపులోకి పోతే పిల్లలకి ఫిట్స్ వస్తాయి. ఆకు రసాన్ని ముక్కులో పోయకూడదు. మరిగే నీళ్ల గిన్నె ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి దుప్పటి కప్పకూడదు. గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుంది. గర్భిణులు, రోజూ బీపీకో షుగరుకో మాత్రలు వాడేవాళ్లు ఈ కషాయం రోజూ తాగాలనుకుంటే ముందు నర్సమ్మని అడగాలి. కూరలో రెండు ఆకులకు ఎవరినీ అడగక్కర్లేదు.

ఆకు వద్దనుకుని దుకాణం నుంచి దగ్గు మందు సీసా తెస్తే? అదీ ఆలోచించాల్సిందే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. ఆ మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అది మూత్రపిండాలను పాడు చేస్తుంది. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సలహా ఇచ్చింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్లలోపు పిల్లలకు మామూలుగా అవి అవసరం లేదని చెప్పింది. కాబట్టి డాక్టరు రాయకుండా దుకాణంలో అడిగి సీసా తెచ్చి పోయకూడదు.

ఆకు పనిచేయని దగ్గు ఒకటి ఉంది. ఒక కథ చెప్పుకుందాం.

ఒక ఊళ్లో ఒక అత్త, ఒక కోడలు. కోడలికి పది నెలల బాబు. అత్త చేతి వాము ఆకు రసం అంటే ఆ వీధంతటికీ గురి. బాబుకి దగ్గు పట్టుకుంది. అత్త రెండు పూటలా రసం పిండి చుక్కలు చుక్కలుగా పోసింది. కోడలు రాత్రి బడిలో విన్నది గుర్తు పెట్టుకుని తేనె మాత్రం కలపనివ్వలేదు. మూడో రోజుకి దగ్గు తగ్గలేదు. ఒళ్లు వేడిగా ఉంది. పాలు సరిగా తాగడం లేదు.

"అత్తా, ఆస్పత్రికి పోదాం" అంది కోడలు.

"ఈ మాత్రం దగ్గుకి ఆస్పత్రా? రేపటికి తగ్గుతుందిలే. ముగ్గురు పిల్లల్ని ఈ ఆకుతోనే పెంచాను" అంది అత్త.

కోడలు రాత్రి బడిలో నూరు దాకా అంకెలు నేర్చుకుంది. అక్కడే ఊపిరి లెక్కపెట్టడం కూడా చెప్పారు. బాబు నిద్రపోయాక చొక్కా పైకి జరిపింది. సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టుకుంది. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. నిమిషం పూర్తయ్యేదాకా లెక్కపెట్టింది. 54 వచ్చింది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ చూసింది. 56.

"అత్తా, ఏడాది లోపు బిడ్డకి యాభై వచ్చిందంటేనే తీసుకుపోవాలన్నారు. వీడికి యాభై దాటింది."

అత్త దగ్గరికి వచ్చి చూసింది. బిడ్డ గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోంది. డొక్కలు ఎగరేయడం అంటారే, అది. అత్త కాసేపు మాట్లాడలేదు.

"నలుగురిని కన్నాను. ముగ్గురే మిగిలారు. రెండోవాడికి ఇట్లాగే డొక్కలు ఎగిరాయి. వాతలు పెట్టించాం. పద, ఆటో పిలు" అంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ కూడా గడియారం చూసి లెక్కపెట్టింది. "న్యుమోనియా. ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరింది. ఈ రోజే తెచ్చారు, మంచి పని చేశారు" అంది. అయిదు రోజులకు మందు రాసిచ్చింది. మొదటి మోతాదు అక్కడే తాగించింది. మందు మధ్యలో ఆపవద్దని, రెండు రోజుల తర్వాత మళ్లీ చూపించమని చెప్పింది.

ఇప్పుడు ఆ లెక్క అందరూ పలకల మీద రాసుకోండి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50. ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. ఊపిరి ఆ అంకెకి చేరినా, దాటినా ఆకు పక్కన పెట్టి ఆస్పత్రికి నడవాలి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే అంకె తప్పు వస్తుంది. నిమిషమంతా చూడాలి. సగం నిమిషం చూసి రెట్టింపు చేయకూడదు.

లెక్కపెట్టే పనే లేకుండా వెంటనే పరుగెత్తాల్సిన గుర్తులూ ఉన్నాయి. డొక్కలు ఎగరేయడం, పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్ రావడం, పిలిచినా పలక్కుండా మగతగా పడి ఉండడం, పెదాలు నీలం రంగుకి తిరగడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. ఆ బండికి డబ్బు ఇవ్వక్కర్లేదు. రెండు నెలలు నిండని బిడ్డకు ఊరికే జ్వరం వచ్చినా ఆ రోజే చూపించాలి. న్యుమోనియాకి టీకా కూడా ఉంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వమే ఉచితంగా వేస్తుంది. టీకా కార్డు తీసి అది పడిందో లేదో చూసుకోండి. చదవడం వచ్చాక ఆ కార్డు ఇంకొకరికి చూపించి అడగక్కర్లేదు కదా.

కథలో బాబు మూడో రోజుకి పాలు బాగా తాగాడు. అయిదు రోజులూ మందు పోశారు. అత్త వాము ఆకు కుండని ఏమీ పారేయలేదు. బాబు తేరుకున్న రోజు సాయంత్రం ఆ ఆకుతోనే బజ్జీలు వేసింది.

ఆ రాత్రి కోడలు పలక తీసుకుని బయలుదేరుతుంటే అత్త కూడా లేచి చీర సర్దుకుంది.

"ఎక్కడికి అత్తా?"

"నీతోనే. వచ్చే నెల కూతురు పురిటికి వస్తోంది కదా. నాకు లెక్క ముప్పై ఏడు దాకా వచ్చి ఆగిపోతోంది. అరవై దాకా రావాలి."