అమెరికా దేశపు చట్టములు – వాని మూలములు

పల్లెలో తగవు తీర్చుటకు కూర్చున్న పెద్దలు మొదట నడుగు ప్రశ్న యొకటి కలదు: దీనికి ఆధారమేమి? కాగితమా, ఆనవాయితీయా, పూర్వము పెద్దలు చెప్పిన తీర్పా? అమెరికా సంయుక్త రాష్ట్రముల న్యాయస్థానములలోను అడుగునది ఆ ప్రశ్నయే. అచ్చట ఆధారములు ముఖ్యముగా నాలుగు. వానిలో ఏది దేనికి లొంగవలెనన్నదే అసలు సంగతి. మన పల్లెలనుండి ఆ దేశమునకు పోయి స్థిరపడినవారు నేడు పెక్కుమంది గలరు గనుక, ఇంటనున్న పెద్దలకు ఈ విషయము కొంత తెలియుట మంచిదని తలచి ముచ్చటించుచున్నాను.

మొదట జరిగిన సంగతి యొకటి చెప్పెదను. 1961 వ సంవత్సరము జూన్ నెలలో, ఫ్లోరిడా రాష్ట్రమునందలి పనామా సిటీ యను పట్టణములో, బిలియర్డ్సు ఆడు శాలలో దొంగలు పడిరి. పోయినవి కొన్ని పానీయములు, యంత్రములలోని చిల్లర డబ్బులు. క్లారెన్స్ ఎర్ల్ గిడియన్ అను బీదవానిని పట్టుకొని విచారణకు తెచ్చిరి. ప్లీడరును పెట్టుకొను శక్తి తనకు లేదనియు, కోర్టువారే యొకరిని నియమింపవలెననియు అతడు వేడుకొనెను. మరణశిక్ష పడదగిన నేరములలో దప్ప అట్లు నియమించుటకు తమ రాష్ట్ర చట్టము ఒప్పదని న్యాయాధిపతి చెప్పెను. గిడియన్ తన వాదము తానే చేసికొని యోడిపోయెను. అయిదేండ్ల శిక్ష పడినది. అతడు జైలులో కూర్చుండి పెన్సిలుతో అర్జీ వ్రాసి సుప్రీంకోర్టునకు పంపెను.

ఆ అర్జీ ముందు ఏ యే చట్టములు నిలిచినవో చూడుడు. మొదటిది ఫ్లోరిడా శాసనసభ చేసిన చట్టము. అమెరికాలో శాసనములు చేయువారు ఒక్కరు కారు. దేశమంతటికి కాంగ్రెసు కలదు; 50 రాష్ట్రములకు వేర్వేరు శాసనసభలు, వేర్వేరు రాజ్యాంగములు గూడ కలవు. హత్య, దొంగతనము, వివాహము, భూమి – ఇవి చాలవరకు రాష్ట్రముల పాలివే. అందుచేతనే ఒక రాష్ట్రములో హంతకునకు మరణశిక్ష యుండును, పొరుగు రాష్ట్రములో ఉండదు.

రెండవది రాజ్యాంగము. 1787 లో ఫిలడెల్ఫియా నగరములో వ్రాయబడిన చిన్న పత్రమిది; నేటికి 27 సవరణలు చేరినవి. నేరము మోపబడినవానికి న్యాయవాది సహాయము పొందు హక్కు గలదని 1791 నాటి ఆరవ సవరణ చెప్పును. న్యాయమైన విధానము లేక ఏ రాష్ట్రమును ఎవని స్వేచ్ఛను హరింపరాదని 1868 నాటి పదునాలుగవ సవరణ చెప్పును. శ్రుతికిని స్మృతికిని విరోధము వచ్చినచో శ్రుతియే ప్రమాణమని మన పెద్దలు చెప్పుదురు గదా. అట్లే అక్కడ రాజ్యాంగమునకు విరోధించిన శాసనము చెల్లదు. చెల్లదని చెప్పు అధికారము కోర్టులదని 1803 లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు చెప్పెను. ఆ మాట రాజ్యాంగములో స్పష్టముగా లేదు. ఆ తీర్పువలననే నిలిచినది.

మూడవది పూర్వపు తీర్పు. మన కరణములు పాత దస్త్రములు తిరుగవేసినట్లు అక్కడి ప్లీడర్లు పాత తీర్పుల పుస్తకములు తిరుగవేయుదురు. ఈ పద్ధతి ఇంగ్లండునుండి వారికిని మనకును వచ్చినదే. గిడియన్‌కు మాత్రము ఇదియే అడ్డు తగిలినది. రాష్ట్రపు కోర్టులలో బీద ముద్దాయిలందరికిని ప్లీడరును ఇయ్యనక్కరలేదని 1942 లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పియుండెను.

1963 మార్చి 18 వ తేదీన ఆ కోర్టు తన పాత తీర్పును తానే ఏకగ్రీవముగా త్రోసివేసెను. ఆగస్టులో గిడియన్‌ను మరల విచారించిరి. ఈసారి ప్లీడరు ప్రక్కన నిలిచి సాక్షులను ప్రశ్నించెను. జూరీ అతనిని నిర్దోషియని విడుదల చేసినది. సాక్షులు చాలవరకు వారే, మారినది ప్లీడరుండుట.

నాలుగవ ఆధారము ప్రభుత్వశాఖలు చేయు నిబంధనలు. ఆహారము, మందులు, ఆదాయపు పన్ను మొదలగు నిత్యవ్యవహారములలో జనులకు ఎక్కువగా తగులునవి ఇవియే. శాసనము ఇచ్చిన అధికారమునకు లోబడినంతవరకే ఇవి చెల్లును.

ఇక చట్టములలోని తెగలు. ముఖ్యమైనవి క్రిమినలు, సివిలు. క్రిమినలులో ఫిర్యాది ప్రభుత్వము. సమంజసమైన సందేహమునకు తావులేకుండ నేరము రుజువు కావలెను. సివిలులో ఇద్దరి వాదములలో ఏది ఎక్కువ నమ్మదగినదో అది గెలుచును. ఓ. జె. సింప్సన్ అను ప్రసిద్ధ క్రీడాకారుడు 1995 లో హత్యానేరమునుండి విడుదలయ్యెను. ఆ మరణములకే అతడు బాధ్యుడని 1997 లో సివిలు దావాలో తేలి, పెద్ద మొత్తము నష్టపరిహారము విధింపబడెను. వినుటకు వింతగా నుండును గాని, రుజువు కొలత వేరగుటచే రెండును చట్టసమ్మతములే.

ఈ విభజన పుస్తకములకే పరిమితమైనది కాదు. గిడియన్ గెలిచిన హక్కు క్రిమినలు విచారణకు సంబంధించినది. బిడ్డలతో నున్న తల్లిని అద్దె బాకీకై ఇల్లు వెడలగొట్టు దావా సివిలు గనుక, కోర్టువారు ఆమెకు ప్లీడరును ఇయ్యవలెనని రాజ్యాంగము సాధారణముగా కోరదు. చిల్లర దొంగకు దొరకు సహాయము ఆమెకు దొరకకపోవుట నాకు సరిగా తోచదు. ఆ దేశములోను అట్లు తలచువారు కలరు. 2017 లో న్యూయార్కు నగరసభ, ఇల్లు ఖాళీ చేయింపబడు బీద అద్దెదారులకు న్యాయసహాయము నేర్పరచుచు తానే యొక చట్టము చేసెను.